గాజు మీద నడిచిన కణం

మణుగూరు అడవి పక్క తండాలో పుట్టిన ద్వాలి ఖమ్మంలో ల్యాబు పని నేర్చుకుని, ఎనభైల్లో గనుల కాలనీ దగ్గరి చిన్న దవాఖానాలో చేరింది. రోజంతా మలేరియా రక్తపరీక్షలే. రంగు వేసి ఆరబెట్టిన ఆ స్లైడ్లలో కణాలన్నీ చచ్చినవే. బతికున్న కణాన్ని చూడాలని ఆమెకు మహా కోరికగా ఉండేది.

ఒక చలికాలం ఉదయం తండ్రి బద్యా కుంటుకుంటూ వచ్చాడు. ముల్లు దిగి పాదం వాచింది, ముట్టుకుంటే కాలుతోంది. డాక్టరు సుబ్బరత్నం ముల్లు తీసి, కట్టు కట్టి, సూదిమందు ఇచ్చింది. పరీక్షకు తీసిన రక్తంలో ఒక చుక్క మిగిలితే ద్వాలి రంగు వేయకుండానే మైక్రోస్కోపు కింద పెట్టింది. తెల్లకణాలు గుండ్రంగా ముడుచుకుని ఉన్నాయి.

"మేడం, ఇవి పండుకున్నయా ఏంది?"

"చలికి అట్లా ఉన్నాయి. కాస్త వెచ్చబెట్టు" అంటూ సుబ్బరత్నం కూడా స్టూలు లాక్కుంది.

ద్వాలి బల్లమీది లైటును స్లైడు దగ్గరికి జరిపింది. కాసేపటికి ఒక కణం గాజుకు అంటుకుని, రొట్టెలా పరుచుకుని, ఒక పక్కకు కాలు చాపి పాకసాగింది.

"మేడం, నడుస్తున్నది."

"రక్తంలో కొట్టుకుపోయేటప్పుడు గుండ్రంగానే ఉంటాయమ్మా. అంటుకోను గట్టి చోటు దొరికితే ఇట్లా పనికి లేస్తాయి. వెచ్చదనం తోడైతే ఇంకా చురుకు."

బద్యా కూడా వంగి చూశాడు. "గివి నా కాలుల గూడ ఉన్నయా బిడ్డా?"

"అవ్ బాపూ. క్రిములను తిననీకి ముల్లు దిగిన కాడికి గిట్లనే పాక్కుంట వచ్చినయ్. వాపు గందుకే."

"నేనేమో కాలును తిట్టుకుంట వచ్చిన." ఇక చాలు లెమ్మంటే మైక్రోస్కోపు వదల్లేదు. "ఆగు, తెల్లది ఎర్రదాన్ని నెట్టుకుంట పోతున్నది."

కాలు మానాక భార్య బాలిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నావి గూడ సూపియ్యి. మీ బాపు తనవే జల్దీ నడుస్తయంటున్నడు" అంది బాలి.

ఆమెవీ నడిచాయి. ఎవరివి ముందు కదిలాయోనని తండా దాకా ఇద్దరూ వాదులాడుకుంటూనే పోయారు.

తర్వాతి ఏళ్లలో పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ద్వాలి ముందు బతికున్న చుక్కనే చూపేది. చూసేవాళ్ల మొహం వెలిగితే చాలు, లోపల కణం కాలు చాపిందని ఆమెకు తెలిసిపోయేది.