టికెట్టు కొని దిగిన బాయి

మా బొగ్గుగనుల కంపెనీ నాలుగేళ్లకోసారి దేశం చూసి రమ్మని సెలవూ ఖర్చులూ ఇచ్చేది. గోదావరిఖనిలో మా కాలనీ బుద్ధిమంతులంతా టూరు మానుకుని ఆ డబ్బుతో ఫ్రిజ్ కొనేవారు, లేదా ఇంటి ముందు రేకులు వేయించేవారు. నేనొక్కణ్నే నిజంగా రైలెక్కేవాణ్ని. అండమాన్ నుంచి శ్రీనగర్ దాకా తిరిగొచ్చాను గానీ మా ఇంటి ముందు మాత్రం రేకులు పడలేదు. వానాకాలం చెప్పులు తడిసినప్పుడల్లా మా ఆవిడ నా యాత్రలన్నిటినీ పేరుపేరునా తలచుకునేది.

అమెరికా పిచ్చి ఎప్పుడు పట్టిందో చెప్పలేను. ఇంకా ప్రత్యేక రాష్ట్రం రాలేదు, ఉద్యమం జోరు మీదున్న రోజులు. హైదరాబాద్‌లో ఒక టూర్ కంపెనీ పద్నాలుగు రోజుల ప్యాకేజీ పెడితే ఇద్దరికీ సీట్లు రాయించాను. వీసా ఇంటర్వ్యూలో అద్దం వెనక కూర్చున్న దొర "ఎందుకు వెళ్తున్నారు?" అని తెలుగు పిల్లతో అడిగించాడు. చూడటానికన్నాను. ఏం చూడటానికని మళ్లీ అడిగించాడు. "అక్కడ ఏముంటే గదే చూస్త" అన్నాను. బహుశా ఇంత తెలివితక్కువవాడు అక్కడ ఉండిపోయేందుకు ఎత్తు వేయలేడనుకున్నాడేమో, ముద్ర కొట్టేశాడు.

న్యూయార్క్‌లో సముద్రం మధ్య దివిటీ పట్టుకున్న అమ్మను చూశాం. గంటన్నర లైనులో నిలబడి దగ్గరికి పోతే కనిపించింది ఆమె పాదాలే. రంగుల లైట్ల చౌరస్తాలో జనం మా ఖని చౌరస్తాలో జీతాల రోజు ఉన్నట్టే ఉన్నారు, కాకపోతే వీళ్లు తోసేశాక సారీ చెప్తారు. వాషింగ్టన్‌లో తెల్ల బంగ్లాను ఇనుప చువ్వల్లోంచి చూపించి ఇదే అన్నారు. మా ఆవిడ అటూ ఇటూ చూసి, "గింతేనా? మన జీఎం బంగ్లాకు ఇంతకన్న ఎక్కువ మామిడిచెట్లున్నయి" అంది. నయాగరా దగ్గర మాత్రం చువ్వలు పట్టుకుని నీళ్లనే చూస్తూ నిలబడింది. పరవశించిపోయిందనుకున్నాను. చివరికి నిట్టూర్చి, "మన నల్లా రెండు దినాలకొక్కపారి వస్తది. ఈళ్లకు చూడు, కట్టేసెటోడే లేడు" అంది.

ఆఖరి మజిలీ చికాగో. ఆ రోజు మధ్యాహ్నం ఎవరికి నచ్చింది వాళ్లు చూసుకోమన్నారు. నాకు వంద అంతస్తుల మేడ ఎక్కాలని ఉంది. మా ఆవిడ గైడు ఇచ్చిన కాగితం తిప్పి ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. ఒక మ్యూజియంలో బొగ్గుబాయిని ఉన్నదున్నట్టు కట్టారట. లోపలికి దించి చూపిస్తారట.

"నాకు గదే చూడాలె" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఎనిమిదేళ్లుగా జీతమిచ్చి దింపితే దిగుతున్నవాణ్ని, ఇప్పుడు విమానమెక్కి వచ్చి టికెట్టు కొని బాయి దిగాలా? అదే అడిగాను.

"నువ్వు దిగినవ్. నేను దిగిన్నా?" అంది.

మా దగ్గర ఆడవాళ్లను కిందికి దిగనివ్వరు. పెళ్లయిన కొత్తలో లోపల ఎట్లుంటదని రోజూ అడిగేది. రైల్వే స్టేషన్ లెక్క ఉంటదని చెప్పేవాణ్ని. లైట్లుంటయి, గాలి మిషన్లుంటయి, చల్లగుంటది, మా రూఫ్, అంటె నెత్తిమీది బండ, కోటగోడ లెక్క గట్టి, ఫికర్ చెయ్యకు. ఒకసారి చెప్పిన అబద్ధాన్ని ఇరవై ఎనిమిదేళ్లు మేపాను. ఆమె దాన్ని నమ్మి, బాయిలో ప్రమాదమని సైరన్ వేళ తప్పి మోగినప్పుడు పక్కింటి వాళ్లకు కూడా ధైర్యం చెప్పేది.

సరే, దిగాం. హెల్మెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి పాతికమందిని వెంటబెట్టుకుని తిప్పుతోంది. చిన్న బండి, కర్ర దిమ్మెలు, నల్లటి గోడలు. పిల్లలు గోడలు గీకి వేళ్లు చూసుకుంటున్నారు. నాకైతే నవ్వొచ్చింది. ఇంత శుభ్రమైన బాయి ఉంటే మా ఆవిడ బట్టల సబ్బుకు పెట్టిన ఖర్చుతో రేకులు ఎప్పుడో పడేవి. ఆమె మాత్రం ప్రతిదీ ఆగి ముట్టుకుని చూస్తోంది.

నేను మైనింగ్ సర్దార్‌ని. మనుషుల్ని పనికి పంపే ముందు కర్రతో రూఫ్ తట్టి చూడటం నా డ్యూటీ. రాయి ఖంగుమంటే పని మొదలు. డొల్లగా మోగితే పైన పొర విడిందని అర్థం, ఇక ప్రశ్నల్లేవు, అందరూ బయటికి. ఆ వేళ బయట వాన పడుతుండటంతో నా చేతిలో గొడుగుంది. తక్కువ ఎత్తున్న చోటికి రాగానే చెయ్యి దానంతటదే లేచింది. గొడుగు మొనతో రూఫ్‌ను తట్టాను.

డొల్ల.

మళ్లీ తట్టాను. అట్టపెట్టెను కొట్టినట్టు మోగింది. అది సిమెంటు పూసిన ఉత్తుత్తి రూఫ్ అని, పైన మ్యూజియం షోకేసులున్నాయని బుర్రకు తట్టేలోపే నా గొంతు లేచింది. "ఉర్కుండ్రి! బైటికి! జల్ది!" మా ఆవిడ జబ్బ పట్టి లాగాను. ఎవరి పిల్లవాడో నా కాళ్లకు అడ్డం వస్తే చంకనెత్తుకున్నాను. వెలుతురున్న చోటికి చేరాకే ఆగాను.

వెనక పాతికమంది తెల్లవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. పిల్లవాడి తల్లి వచ్చి నాతో ఫొటో దిగింది. హెల్మెట్ అమ్మాయి మాత్రం నన్ను ఏ కేసు కింద పెట్టాలో తెలియనట్టు చూసింది.

మా ఆవిడ చప్పట్లు కొట్టలేదు. నా చెయ్యి చూస్తోంది. అది ఇంకా ఆమె జబ్బను పట్టుకునే ఉంది. పిల్లవాణ్ని దింపాక కూడా వదల్లేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాక అడిగింది. "గిట్ల ఎన్నిసార్లు ఉర్కినవ్?"

"రెండు మూడుసార్లు."

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు సిగ్గేసింది. లెక్క పెట్టలేదని ఒప్పుకున్నాను. ఒకనాటిది చెప్పాను: కడుపునొప్పని అబద్ధమాడి అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్న రోజు. ఆ రోజు బాయిలో నేను నిలబడ్డ చోట, రెండడుగులు జరిగాక, మంచమంత బండ పడింది.

"ఆ దినం కోడికూర వండిన" అంది. "తినలేదని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టిన."

తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మనుషులు పక్కకు తప్పుకుని మెట్లెక్కుతున్నారు.

"నువ్వు చెప్పకుంటె నేను భయపడననుకున్నవా? బుగులు నాకు మొదటి నుంచి ఉన్నది. ఒక్కదాన్నే పడ్డ. ఇగ నిజం చెప్పు."

మేడ ఎక్కనేలేదు. బస్సు హారన్ కొట్టేదాకా అక్కడే కూర్చుని గుర్తున్నవన్నీ చెప్పాను.

తిరిగొచ్చాక ఇంకా రెండేళ్ల సర్వీసుంది. డ్యూటీ నుంచి రాగానే రూఫ్ ఎట్లుందో చెప్పేవాణ్ని. ఆమె బియ్యం చెరుగుతూ వినేది. మంచిగలేదని చెప్పిన రోజు చేట పక్కన పెట్టేది. ఎదురుగా కూర్చుని, వద్దన్నా వినకుండా ఇంకో గరిటెడు వడ్డించి, నేను తినేదాకా లేచేది కాదు.