చిన్నాయన విస్తరి

రెండో ప్రపంచ యుద్ధానికి మా ఊరి నుంచి ఇద్దరు వెళ్లారు: మా నాన్న, ఆయన స్నేహితుడు. నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ స్నేహితుణ్ణి నేనెన్నడూ చూడలేదు. అయినా చిన్నాయన అనే అనేవాణ్ణి.

భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊళ్లో చనిపోయినవాళ్లకు రాయి నిలబెడతారు. దానికి ముందు, ఆ చావును కళ్లతో చూసినవాడు గానీ, అతని నోటి నుంచి విన్నవాడు గానీ నలుగురిలో చెప్పాలి. అప్పటిదాకా మనిషి బతికున్నట్టే. నాన్న చెప్పలేదు. "వేరే దిక్కు పోయిండు, వస్తడు" అనేవాడు. అందుకని చిన్నాయన చెల్లెలు ఏటా కొత్తల పండుగకు కొత్త బియ్యం వండి, ఇంట్లో బతికున్నవాళ్ల వరసలో అన్నకూ మోదుగాకు విస్తరి వేసేది. నాన్న వెళ్లి దాని ముందు కూర్చునేవాడు. "వాడొచ్చేదాక నేను తింట" అని, తలెత్తకుండా తిని లేచేవాడు.

నాన్న పోయాక ఆయన పెట్టెలో ఒక రాతి వంతెన ఫొటో దొరికింది. వెనక ఇటలీలోని ఒక పల్లె పేరు. అప్పుడు నేను ఖమ్మంలో పత్రికలో పనిచేస్తున్నాను. ఆ పల్లె పంచాయతీకి ఉత్తరం రాసి, మిలిటరీ బట్టల్లో ఉన్న నాన్న ఫొటో కూడా జతచేశాను. అది అక్కడి బడి టీచరమ్మకు చేరింది. యుద్ధం నాటి సంగతులు ముసలివాళ్లను అడిగి రాసి పెట్టుకుంటుందట.

ఆమె మెయిల్ వచ్చిన రోజు నెట్ సెంటర్ ఓనరు నవ్వాడు. "ఇటలీ నుంచా సార్? లాటరీ తగిలిందని ఉంటది, నమ్మకుండ్రి."

వంతెన కింద నీళ్లు పట్టుకుంటున్న భారతీయ సైనికుడొకడు ఫిరంగి గుండుకు చనిపోయాడని టీచరమ్మ రాసింది. తోటివాడు ఏట్లోంచి పొడుగాటి రాయి ఒక్కడే ఈడ్చుకొచ్చి గట్టున నిలబెట్టాడట. ఒక ముసలామె నేను పంపిన ఫొటో చూసి, ఆ తోటివాడు ఇతనేనంది. ఆ రాయి ఎందుకో వాళ్లెవరికీ తెలియదు. ఇప్పటికీ దాన్ని తప్పించే దున్నుతారట. మెయిల్‌తో పాటు ఆ రాయి ఫొటో పంపింది.

కొత్తల పండుగ నాడు ఆ ఫొటో ప్రింటు తీసుకుని అత్త దగ్గరికి వెళ్లాను. చిన్నాయన చెల్లెల్ని అలాగే పిలుస్తాను. ఆమెకు డెబ్బై దాటాయి.

"ఇగ రాయి నిలబెట్టొచ్చు అత్తా."

ఆమె ఫొటోను వాకిట్లో వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"రాయి మనదే. మా అన్న పోయిండని ఎవలు చెప్పిన్రు?"

"టీచరమ్మ రాసింది. ఆడ ముసలామె చూసిందంట."

"రాసుడు గాదు అల్లుడా. మీ నాయిన నీతోని చెప్పిండా? నేను గూడ పోతే వానికి రాయి పెట్టేటోళ్లు లేరు. చెప్పు."

అవునంటే చాలు. పెద్దమనుషులు వాకిట్లోనే ఉన్నారు. ముప్పై ఏళ్లుగా ఎవరేం చెప్పారో రాసి బతికినవాణ్ణి. ఆ ఒక్క మాట నోట రాలేదు.

"చెప్పలే అత్తా."

"గట్లనా." ఫొటో మడిచి ఇంటికప్పు తాటాకుల్లో దోపింది. "చేతులతోని పాతొచ్చి, గిన్నేండ్లు నా ముంగటే తిన్నడు."

లోపలికి వెళ్లి వరసలో విస్తర్లు వేసింది. అన్న విస్తరి కూడా వేసి అన్నం వడ్డించింది. తర్వాత నా వైపు చూసింది.

"కూసో. సల్లారుతది."

చిన్నాయన విస్తరి ముందు కూర్చున్నాను. తలెత్తకుండా తిన్నాను.