సగం గోలి

మొన్న మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళితే, తీసిన ఎక్స్‌రేను కంప్యూటరు తెర మీదే చూపించి పంపేశాడు. ఫిల్ము ఇవ్వవా నాయనా అంటే, ఇప్పుడు ఫిల్ములెక్కడివమ్మా అని నవ్వాడు. నా వయసంతా అలాంటి ఫిల్ములను వెలుతురుకెత్తి చూడ్డంలోనే గడిచిందని ఆ కుర్రాడికేం తెలుసు! ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాక మోకాలి సంగతి మరిచిపోయి, తార్నాకలో మా పాత ఇల్లు, ఆ ఇంటి పక్క వాటాలో ఉండి నన్ను నోరారా అక్కా అని పిలిచిన చెల్లెలు గుర్తుకొచ్చి మనసు చేదయిపోయింది.

అది తొంభైల చివరి మాట. కడప నుంచి వచ్చి యూనివర్సిటీ ల్యాబులో ఉద్యోగం చేసేదాన్ని. క్యాంపస్ చెట్ల నీడన నడిచి వెళ్ళే ఆ దారి ఎంత హాయిగా ఉండేదో మీలో ఆ దారి ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, లోపల మేం చేసే పని మాత్రం హాయైనది కాదు. హెచ్ఐవి సోకిన గర్భిణుల రక్తం ఆసుపత్రి నుంచి ఐసు పెట్టెలో వచ్చేది. లోపలి వైరస్ మారిపోయి మందుకు లొంగకుండా తయారయిందా అని మేం చూడాలి. ఎక్స్‌రే ఫిల్ము మీద నిచ్చెన మెట్లలా కనిపించే నల్ల గీతల్లో ఏదో ఒకటి పక్క వరుసలోకి జరిగిందంటే వైరస్ మారినట్టే. కరెంటు పోతే, అది పోని రోజు ఉండేది కాదు లెండి, ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి చదువుకునేవాళ్ళం.

పక్క వాటాలో నల్గొండ పల్లె నుంచి వచ్చిన దంపతులుండేవారు. అతను ముషీరాబాద్‌లో ఒక ప్రెస్సులో పనిచేసేవాడు. సాయంత్రం చౌరస్తాలో మిర్చి బజ్జీల పొట్లం కట్టించుకొచ్చి, అరుగు మీద భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి బజ్జీనీ చెరిసగం చేసేవాడు. ఆమె నోట్లో పెట్టుకుంటే గాని తను ముట్టడు. కొత్త కాపురం ముచ్చట్లని నేను ఆటపట్టిస్తే ఇద్దరూ సిగ్గుపడేవాళ్ళు.

ఆమె కడుపుతో ఉండగా, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, నా ఉద్యోగమేమిటో తెలిసినందువల్ల కాబోలు, తమ ఇద్దరికీ ఆ జబ్బుందని నా దగ్గర బయటపెట్టింది. అత్తగారికి కూడా చెప్పుకోలేని మాట అది. తన కోసం ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. "నాకేమన్న కానీ అక్కా, కడుపులున్న బిడ్డకు రావద్దు" అన్నది.

బిడ్డకు సోకకుండా చివరి నెలలో తల్లికిచ్చే మందు మాకు తెలిసినంతలో అప్పుడు ఒక్కటే. నేనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇదివరకు ఏ మందైనా వాడావా అని అడిగితే లేదని తల అడ్డంగా ఊపింది. ఆమె ఒప్పుకున్న మీదట రక్తం మా ల్యాబుకే తెచ్చాను. ఫిల్ము చూద్దును కదా, గీత జరిగిపోయి ఉంది! మందు ముట్టని మనిషిలో ఇదెలా సాధ్యమని ప్రొఫెసరు గారు మళ్ళీ చేయించారు. మళ్ళీ అదే.

సాయంత్రం అరుగు మీద వాళ్ళనే అడిగాను. అతను దాచలేదు. ఒక ప్రైవేటు డాక్టరు అతనికి చాన్నాళ్ళ కిందటే అదే మందు రాశాడట. "నేనొక్కన్నే మింగి గామె మొకం చూసుకుంట కూసుంటనా అక్కా? ఇద్దరికి ఒక్కటే బీమారి గదా. గోలి చాకుతోని సగం చేసి ఇస్తున్న." ఆమె ఆసుపత్రిలో అబద్ధమాడలేదు. అది ఆయన మందు. ఆయన చేతి నుంచి తిన్నది తాను మందు వాడడం కిందికి వస్తుందని ఆమెకు తోచనే లేదు.

ఈ సంగతి విన్న ప్రొఫెసరు గారు చెప్పమన్నట్టే వాళ్ళకు చెప్పాను, సగం మోతాదు వైరస్‌ను చంపకపోగా దాన్ని మందుకు అలవాటు చేస్తుందని, ఇక బిడ్డను ఆ మందు కాపాడకపోవచ్చని. అతను "గామెకు యేరే తెచ్చి పెడితే మంచిగుండు" అని లోపలికి పోయాడు. మర్నాటి నుంచి బజ్జీలు రెండు పొట్లాలు తెచ్చేవాడు. ఆమెది ఆమె చేతికిచ్చి, తనది తీసుకుని గేటు దగ్గర నిలబడి తినేవాడు. చూడలేక నేను తలుపు వేసుకునేదాన్ని.

వేరే దారి లేక ఆ మందే ఇచ్చారు. ఆడపిల్ల పుట్టింది, తండ్రి పోలికే. జబ్బు తప్పలేదు. పరుగెత్తే వయసు రాకముందే పోయింది. ఆ వెనకే తండ్రీ పోయాడు. చివరిదాకా అతను భార్య పళ్లెంలో చెయ్యి పెట్టలేదు.

తర్వాత్తర్వాత మాకు తెలిసివచ్చింది, లోపం సగంలో లేదని. ఆ మందు ఒక్కటే ఇస్తే, ఆమెకు వేరే తెచ్చి పూర్తి గోలి మింగించినా కొన్నాళ్ళకు అదే మార్పు వచ్చి ఉండేది. అసలు ముట్టకుండా ఉంటే వేరే సంగతి గాని, చేతికందిన మందును ముట్టకుండా ఎవరుంటారు? మూడు మందులు కలిపి ఇవ్వాలన్న తెలివి మా దాకా వచ్చేసరికి వినవలసినవాడు లేడు.

ఇప్పుడు ఆ జబ్బున్న తల్లులు వేళకు గోలీలు మింగి నిక్షేపంలాంటి బిడ్డల్ని కంటున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. గోల్నాకలో ఒంటరిగా ఉంటున్న చెల్లెలు కూడా ఆ గోలీలతోనే నిలబడింది. ఒకసారి వెళ్ళినప్పుడు, ఆయన తప్పేమీ లేదమ్మా అని సంగతంతా విడమరిచి చెప్పాను. పిల్లను కాపాడి ఉండే మందు గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె అడగలేదు.

"గీ మాట ఆయనున్నప్పుడే ఎవలన్న చెప్పుంటే, నా పక్కన కూసొని ఒక్క బుక్కన్న తినేటోడు గదక్కా" అన్నది.