బర్రె లేని తలుగు

జనగామ నుంచి హన్మకొండ పోయే బస్సులో నా పక్కన ఒక యాభయ్యేళ్ల ఆమె కూచుంది. బర్రెను కట్టేసే తలుగును చుట్ట చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఊరుకోవడం చేతగాని నా నోరు వెంటనే లేచింది.

"తాడొక్కటే వచ్చిందేందక్కా, బర్రెకు సీటు దొరకలేదా?"

"దొరికింది తమ్మీ. నా పక్కనే కూసున్నది."

ముందు సీట్లవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

తర్వాత ఆమే చెప్పింది. పొద్దున అంగట్లో బర్రెను అమ్మింది. అమ్మినవాళ్లు తలుగు మాత్రం ఇయ్యరు. అది ఇంట్లో ఉంటే కొట్టంలోకి మళ్లీ బర్రె వస్తుందని నమ్మకం. పైసలు కొడుకు కోసం. తాగుడు మాన్పించే దవాఖానలో ఉన్నాడు, రెండోసారి.

"మొదటిసారికి ఎడ్లు పోయినయి," అంది.

దవాఖాన దగ్గర దిగాల్సిన స్టేజీ వచ్చింది. ఆమె లేచి, తలుగును చూసి ఆగిపోయింది.

"దవాఖానోళ్లు పోయినసారే చెప్పిర్రు, తాళ్లు, చున్నీలు లోపటికి తేవద్దని. లోపటున్న పోరగాళ్లకు ఒక్కోపారి బతకబుద్ధి గాదట."

"గేటు బయట పెట్టక్కా. వచ్చేటప్పుడు తీసుకోవచ్చు."

"వాడున్న జాగకు నా చేతులతోని తాడు తీస్కపోతనా తమ్మీ? బర్రె రాకుంటె రాకపాయె."

తలుగును సీటు మీద పెట్టి దిగిపోయింది.

కోడిని కూడా సాకని మా ఇంట్లో, ఆ తలుగు చుట్ట విప్పకుండా అల్మారాలో ఉంది. ఎందుకని ఎవరైనా అడిగితే, బర్రె రావాల్సి ఉంది అంటాను.