గుండీలు ఊడిన చొక్కాలు

మా చెల్లి సోషల్ వర్క్ చదివి, ఆపైన ప్రజారోగ్యం కూడా చదివింది. రెండు పట్టాలతో ఇంటికొస్తే, అదేం ఉద్యోగమో మాకెవరికీ అంతుపట్టలేదు. "డాక్టరువీ కావు, నర్సువీ కావు. ఆస్పత్రిలో ఏం చేస్తావే?" అంది అమ్మ. దానితో చదివినవాళ్లలో ఒకతను ఫ్యాక్టరీలో కార్మిక సంక్షేమాధికారి అయ్యాడు, ఒకామె సర్వేల ఆఫీసులో చేరింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఇది క్షయ విభాగంలో చేరింది. మందులు మధ్యలో మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి, మళ్లీ మింగేలా చూడటం పని.

ఫ్యాక్టరీలో ఇంకో ఖాళీ ఉందంటే దరఖాస్తు నేనే తెచ్చాను. "కుర్చీ, ఫ్యాను, అయిదింటికల్లా ఇల్లు. ఇంకేం కావాలి?" అన్నాను.

"నాకు పనుంది అన్నయ్యా," అని దానిమీద టీ గ్లాసు పెట్టింది.

ఆ రోజుల్లోనే నా చొక్కాల గుండీలు ఊడటం మొదలైంది. గుండీ ఊడిన చొక్కా రెండు రోజులు కనబడదు, తర్వాత గుండీ కుట్టుకుని బీరువాలోకి వస్తుంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మూడోవారం మా చెల్లిని కత్తెరతో సహా పట్టుకున్నాను.

"నా చొక్కాలు నీకేం ద్రోహం చేశాయే?"

"ఎవరని మాత్రం అడక్కు," అంటూ చెప్పింది.

బట్టలు కుట్టే ఒకావిడ, దగ్గు తగ్గిందని రెండు నెలలకే మాత్రలు మానేసింది. అలా మానేస్తే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఆ మందులకు లొంగదు. మా చెల్లి రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ తలుపుకు తాళం. మూడోసారీ తాళమే ఉంటే 'ఆచూకీ లేదు' అని రాసి పేరు కొట్టేయాలి. అక్కడి పద్ధతి అది. మూడోసారీ తాళమే ఉంది. కాగితం తీసి రాయబోతుంటే లోపల కుట్టుమిషను చప్పుడైంది. వీధి తలుపుకు తాళం వేసి, పెరటి దారిన లోపలికెళ్లి కూర్చుందన్నమాట. తలుపు తట్టగానే చప్పుడు ఆగిపోయింది.

"ముందు ఒళ్లు మండింది అన్నయ్యా. వెనక్కి తిరిగితే నాలుగు కిటికీల్లోంచి నాలుగు తలకాయలు నన్నే చూస్తున్నాయి. నా నీలం కోటు వీపు మీద 'క్షయ విభాగం' అని ఇంతింత అక్షరాలు! ఆవిడ దాచుకున్న జబ్బుని నేనే వీధిలో దండోరా వేస్తున్నా. ఇంత చదివీ ఆ మాత్రం తట్టలేదు."

'లోపల మనిషి ఉంది, మళ్లీ వెళ్తాను' అని ఫారంలో రాసింది. పై అధికారి కసిరాడట. "కసరనీ," అంది.

మర్నాడు కోటు ఇంట్లో వదిలేసి నా చొక్కా పట్టుకెళ్లింది. తాళం లేదు. గుండీ కుట్టించుకున్నాకే తనెవరో చెప్పింది. "వీధిలో తెలిస్తే నాకు బట్టలెవరిస్తారమ్మా?" అని ఆవిడ ఏడ్చిందట. అప్పట్నించి వారానికి సరిపడా మాత్రలు చొక్కా జేబులో వెళ్తున్నాయి.

నేను మిగతా చొక్కాలూ ఇచ్చేశాను. నా జన్మలో నేను చేసిన ప్రజారోగ్య సేవ అదొక్కటే.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున, మెడలో కొలత టేపుతో ఒకావిడ మా గుమ్మం ముందుకొచ్చింది. ఇరుగుపొరుగు మెట్ల మీదే కూర్చుని కబుర్లాడుతున్నారు. మా చెల్లి ఆవిణ్ణి చూసి, "ఎవరు కావాలండీ?" అంది, ముక్కూమొహం తెలియనట్టు.

"ఇంక నన్ను దాచక్కర్లేదమ్మా," అని ఆవిడ మెట్ల వైపు తిరిగి, అందరికీ వినబడేలా చెప్పింది. "నాకు క్షయ వచ్చింది. ఈవిడ వల్ల పూర్తిగా తగ్గిపోయింది."

మా చెల్లి కళ్లు తుడుచుకుంది.

ఆవిడ ఒక కొత్త చొక్కా నా చేతిలో పెట్టింది. "గుండీలు గట్టిగా కుట్టాను బాబూ, ఇక పీకినా రావు." తర్వాత మా చెల్లి చెయ్యి పట్టుకుంది. "తాళాలేసుకున్న ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయమ్మా? నేనూ వస్తాను, పద."