గంజి వరుసలో అరిచిన పేరు

ఆ పల్లె ఆసుపత్రిలో ఆంజినమ్మ ఆయా. పుండ్లు కడగడం, కాన్పులకు నీళ్లు కాచడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. 2003 కరువులో వరండాలో గంజి కేంద్రం పెట్టాక గరిటె కూడా ఆమె చేతికే వచ్చింది.

ఇంద్రాణి గంజికోసమే వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి. తిమ్మక్క అనే ఆమె పనిప్పిస్తానని పూణేకు తీసుకెళ్లి అమ్మేసిందట. రెండేళ్లకు తప్పించుకుని రైలెక్కింది. వీపు మీది కాలిన పుండ్లు కడుగుతూ ఆంజినమ్మ ఏమీ అడగలేదు. ఆ పిల్లే చెప్పి, చివర ఒక్కటి అడిగింది.

"అక్కా, మా నాయన ఇంటికి రానిస్తాడా?"

"కన్నోడు రానీకుండా యాడికి పోతాడు?"

ఆ నమ్మకమే ఆంజినమ్మ చేత తప్పు చేయించింది. ఆ కరువులో ఏ కబురైనా నీళ్ల ట్యాంకరు మీదే పోయేది. బిడ్డ ఇక్కడుందని తండ్రి జయరామునికి చెప్పమని డ్రైవరు ఎర్రిస్వామికి చెప్పింది. ట్యాంకరు ఏడు ఊళ్లు తిరిగాక గానీ ఆయన ఊరు చేరదు. కబురు ఏడు ఊళ్లలోనూ దిగింది.

మర్నాడు తండ్రి కంటే ముందే ఒకామె ఆటోలో వచ్చింది, క్యారియరులో సంగటి పెట్టుకుని.

"పెద్దమ్మను. బిడ్డను తోల్కపోనీకి వచ్చినా."

ఆ గొంతు వినగానే లోపల ఇంద్రాణి పడక తడుపుకుంది. "తిమ్మక్క" అని మాత్రం అనగలిగింది. ఆంజినమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"డాక్టరు రానీ. అందాకా పంపను."

"ఏమ్మే, గంజి పోసేదానికి ఇంత అధికారమా? జరుగు!"

డాక్టరు వచ్చే రోజు కాదది. ఆటోలోంచి ఇద్దరు మగాళ్లు దిగుతున్నారు. ఆంజినమ్మ గరిటెతో గంజి డేక్సాను మోగించి గంజి వరుసకంతా వినబడేలా అరిచింది.

"జయరాముని కూతురు ఇంద్రాణిని పూణేలో అమ్మింది ఈ ముండే! మళ్లా తోల్కపోతాంది, రాండమ్మా!"

గిన్నెలతోనే ఆడవాళ్లు లేచారు. ఎవరో వేడి గంజి విసిరారు. ఆటో వెళ్లిపోయింది.

మధ్యాహ్నం జయరాముడు వచ్చాడు. ఆంజినమ్మ అరిచిన మాటే దారి పొడుగునా వింటూ వచ్చాడు. గేటు దాటలేదు.

"లోపలికి రా అన్నా. బిడ్డ కాసుకోనుండాది."

"మిల్లులో పనికి పోయిందని ఊర్లో చెప్పుకుంటాంటిమి. గమ్మున తోల్కపోతాంటినక్కా. నువ్వు పేరు పెట్టి అరిచినావే. ఇంగ యాడికి తోల్కపోయేది?"

"అరవకపోతే ఈపాటికి రైల్లో ఉండేది."

"నిజమే," అన్నాడాయన. బిడ్డను చూడకుండానే తిరిగిపోయాడు.

ఇంద్రాణి కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. బయటికి వచ్చి, "డేక్సా నేను తోమల్లా?" అని అడిగింది.

ఆ తర్వాత ఆంజినమ్మ ఆసుపత్రిలో ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. దగ్గరికి పోయి భుజం తట్టేది.