వానకు మర్యాద తెలిసిన రోజులు

ముందుగానే ఒక మాట చెప్పుకుంటే నాకూ మీకూ మంచిది. నేను ఆవగింజ కనబడితే గుమ్మడికాయని చెప్పే మనిషిని. మా ఇంట్లో పిల్లి దూకితే వీధిలో చిరుత దూకిందని అరిచి, జనం కర్రలు పట్టుకొని పరుగెత్తుకొచ్చేసరికి ఆ పిల్లికి పాలు పోస్తూ కూర్చున్న చరిత్ర నాది. కాబట్టి నా మాటల్ని చాటలో పోసుకొని, బాగా చెరిగి, పొట్టు పోగా మిగిలిందే లోపలికి తీసుకోండి. ఎంత చెరిగినా నాలుగు గింజలు మిగులుతాయని మాత్రం మాట ఇస్తాను.

మొన్న పుష్యమాసంలో ఒక పొద్దున చెమట పట్టి లేచినాను. మదనపల్లెలో, పుష్యమాసంలో, చెమట! ఈ మూడు మాటలు ఒకే పంక్తిలో కూర్చుంటే మా తరం వాళ్ల చెవులకు ఎంత అప్రతిష్ఠగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. లేచి ఫోను చూస్తే, అందులో బొమ్మ సూర్యుడు పళ్లికిలించి, ఈ పొద్దంతా పొడిగా ఉంటుందన్నాడు. కాఫీ తాగిన గ్లాసు కింద పెట్టేలోగా ఆకాశం నల్లబడి, ఎవరో కుండతో కాదు, ఏకంగా చెరువుతో ఎత్తి పోసినట్టు పోసింది. వీధి కాలువ గడప దాటి లోపలికొచ్చి, నా చెప్పుల జతను విడదీసి, ఒకదాన్ని బస్టాండు వైపు, ఇంకోదాన్ని టమోటా మార్కెట్టు వైపు పంపించింది. ఫోనులో సూర్యుడు అప్పటికీ నవ్వుతానే ఉండాడు. దాన్ని నమ్ముకోవడం కంటే మా వీధి గాడిద తోక చూసుకోవడం మేలు; తోక తడిస్తే వాన పడినట్టని అది కనీసం నిజం చెబుతుంది.

మా చిన్నప్పుడు మదనపల్లె చలి అంటే ఒక హోదా. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తులు మొదటి చలికాలంలో మఫ్లర్లు చుట్టుకొని, కళ్లు మాత్రం బయట పెట్టి, దొంగల్లాగ ఆఫీసులకు పోయేవాళ్లు. ఇంట్లో ఫ్యాను ఉండడమంటే పెరట్లో ఏనుగును కట్టేసుకున్నట్టు. చూడ్డానికి ఘనంగా ఉంటుంది, పని మాత్రం ఉండదు. మా అమ్మ నీళ్లు కాచి బచ్చలింటికి మోసేలోగా అవి చల్లారిపోతే, మళ్లీ కాచి, మళ్లీ మోసి, మళ్లీ చల్లారి, ఆఖరుకు స్నానం మానేసి మొహాన విభూతి పెట్టుకొని బడికి పోయినవాళ్లం మేము. మా వీధి చివర రజాయిలు కుట్టే సాయిబుకు కార్తీకం మొదలుకొని మాఘం దాకా సూది కింద పెట్టే తీరిక ఉండేది కాదు. మొన్నటి ఆ వాన వెలిసినాక, పోయిన చెప్పును వెతుక్కుంటూ ఆ అంగడి ముందుకు పోతే, ఆయన కొడుకు లారీలోంచి కూలర్లు దింపుకుంటున్నాడు.

పుష్యమాసంలో కూలర్లేంది తమ్ముడూ అని అడిగినాను.

"క్యా కర్నా అన్నా, రజాయి కౌన్ లేతా, ఎవురు కొంటారు? అమ్మేకి సలి యాడుండాది? మా అబ్బా కుట్టినవి మిగిలిండాయి గదా, కూలర్లకు గీతలు పడకుండా అవి కప్పుతాండా," అన్నాడు.

కూలరుకు రజాయి కప్పే కాలానికి మనం చేరుకున్నాం. చేరుకున్నామని గర్వపడే వాళ్లు కూడా మన మధ్యనే ఉన్నారు. రోడ్డు పొడుగునా ఉన్న చింతచెట్లను కొట్టించి, ఆ మరుసటి వేసవిలో కారు నిలపడానికి నీడ కోసం ఊరంతా తిరిగే మహానుభావులు నాకు బాగా తెలుసు. చెరువు కడుపులో రాళ్లు పాతి, గడ్డిపోచ కూడా లేని దానికి తోటపేరు పెట్టి ప్లాట్లు అమ్మినవాళ్లూ తెలుసు, కొన్నవాళ్లూ తెలుసు. కొన్నాయన ఒకడు వాన పడినప్పుడల్లా నా దగ్గరకొచ్చి, ఇంట్లోకి చెరువొచ్చిందని మొత్తుకుంటాడు. చెరువు ఎక్కడికీ రాలేదు స్వామీ, అది దానింట్లోనే ఉంది, నువ్వే పోయి దాని నట్టింట్లో మంచం వేసుకున్నావని ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. ఆ బుర్రలోకి నీళ్లు కూడా ఇంకవు.

ఉద్యోగం మొదట్లో కొన్నేళ్లు కుప్పంలో, ఒక గ్రానైట్ యార్డులో గుమాస్తాగా ఉన్నాను. అక్కడి పొగమంచు గురించి చెబితే ఈ కాలం పిల్లలు నన్ను అబద్ధాలకోరంటారు. (అనాల్సిందే, కానీ ఈ ఒక్క విషయంలో కాదు.) తెల్లారి బెంగళూరు రైలుకు శాంతిపురం నుంచి వచ్చే కూలీజనం ప్లాట్‌ఫారం మీద ఒకరి భుజం ఒకరు పట్టుకొని నిలబడేవాళ్లు. రైలును చూసి కాదు, తడిమి ఎక్కాలి. మా యార్డు మేస్త్రీ ఒకసారి ఆ మంచులో రైలనుకొని గ్రానైట్ లారీ ఎక్కి, సేలంలో దిగి, అక్కడి ఇడ్లీలు బాగున్నాయని రెండు రోజులుండి వచ్చినాడు. ఆ మధ్య ఒక పెళ్లికని అదే చలికాలంలో కుప్పం పోతే, పొద్దున్నే మగపెళ్లివారు చల్లమజ్జిగ కోసం కొట్లాడుకుంటున్నారు. మూడు రాష్ట్రాల గాలి కలిసే ఊరది. ఇప్పుడు మూడు వైపుల నుంచీ వడగాలే.

సరే, ఇవన్నీ పట్నం బాధలు. చెమట పడితే తుడుచుకుంటాం, చెప్పు పోతే కొనుక్కుంటాం. నేను చెప్పాలనుకున్నది మా మేనమామ సంగతి.

ఆయనది సదుం పక్కన మెట్ట ఊరు. వేసవి సెలవులకు పుంగనూరులో బస్సు మారి పోయేవాళ్లం. ఆ రోజుల్లో వానకు మర్యాద తెలుసు. కొత్తల్లుడు అత్తగారింటికి వచ్చినట్టు వచ్చేది. ముందు గాలితో కబురు పంపేది, తరువాత మట్టివాసన, ఆ తరువాత నాలుగు చినుకులు, అంటే ఆరేసిన బట్టలూ ఎండబోసిన మిరపకాయలూ లోపల పెట్టుకోండమ్మా అని. ఆడవాళ్లు అన్నీ సర్దుకున్నాక పెద్దవాన. నేల పదునెక్కగానే తప్పుకొని, విత్తుకోవడానికి వ్యవధి ఇచ్చేది. రోహిణిలో రోళ్లు పగలాలంటే పగిలేవి, ఆరుద్రలో తడవాలంటే తడిసేవి. ఏ కార్తె పని ఆ కార్తెది. ఒకరి కుర్చీలో ఒకరు కూర్చునేవాళ్లు కారు.

ఎప్పుడైనా వాన మరిచిపోతే, గుర్తుచేయడానికి వరదపాశం ఉండేది. ఇంటింటా బియ్యం, బెల్లం ఎత్తి, పాయసం వండి, ఊరి పైనున్న గుట్ట మీదికి మోసుకుపోయి, కడిగిన బండ మీద పోసేవాళ్లు. మగవాళ్లు చేతులు వెనక్కి కట్టించుకొని, మోకాళ్ల మీద వంగి, నాలుకతో ఆ పాశం తినాలి. వానదేవుడికి నవ్వొచ్చి దిగుతాడో, జాలేసి దిగుతాడో తెలియదు గానీ, నా చిన్నతనంలో దిగకుండా ఉన్నది లేదు. మా మామ అందరికంటే ముందు వంగేవాడు. ఆయన నాలుక బండకు తగిలిందంటే వాన బయలుదేరినట్టేనని ఊళ్లో నమ్మకం. విత్తడం కూడా ఆయన చెప్పినాకే. పిడికెడు మట్టి తీసి, నలిపి, 'ఊఁ' అంటే చాలు, ఊళ్లో విత్తే గొర్రులన్నీ కదిలేవి.

పోయిన ఏడు ఆరుద్ర ఎండింది, పునర్వసు ఎండింది. ఫోనులో ఏమో రోజూ మబ్బుబొమ్మ. ఊరివాళ్లు పాశం వండాలన్నారు. కబురొస్తే నేనూ పోయినాను. మోకాళ్లు వద్దన్నా నాలుక పదమంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా మామ దగ్గర చెనిక్కాయ, అదే వేరుశెనగ, విత్తనం ఉండేది, కొన్నది కాదు, వాళ్ల నాయన నాటి నుంచి ప్రతి పంటలో మంచికాయ ఏరి, మరుసటేటికని దాచుకుంటూ వచ్చింది. ఏటా నేలలో పడితేనే ఆ వరస నిలుస్తుంది. ఒక్క ఏడు తప్పితే, సంచులు పట్టుకొని వ్యవసాయం ఆఫీసు ముందు వరుసలో నిలబడి, ఎక్కడిదో ఎవరిదో తెలియని విత్తనం తెచ్చుకోవాలి. చెనిక్కాయకు ఒక గుణముంది. పొట్టులో ఉన్నంతకాలం నిద్రపోతుంది. ఒలిచినావా, ఇక ఎక్కువ రోజులు ఆగదు. తెలివైనవాళ్లు వాన పడినాక ఒలుస్తారు. మా మామ మాత్రం పాశానికి బియ్యం ఎత్తగానే మూటలు విప్పించేవాడు. వాన పడినాక ఒలుస్తూ కూర్చుంటే పదును పోతుందని ఆయన లెక్క, ఆ లెక్క అంతవరకూ తప్పలేదు.

మా అత్త మాత్రం ఆ పొద్దు చాట ముందు పెట్టుకొని గొణిగింది.

"సినుకు పడనీ, ఒలుస్తాము. అంత తొందర యాల?"

"పాశం పోసినాక వాన రాకుండా యాడికి పోతాది? నువ్వు ఒలుస్తా ఉండు," అన్నాడు మామ.

వాన రాకుండా ఉంటుందేమోనని భయపడింది అత్త. వస్తే ఎట్లా వస్తుందోనని ఇద్దరికీ తట్టలేదు.

ఒలవడం అయిపోయిన మరునాడు గుట్టెక్కినాము. పాశం పోసినారు, చేతులు కట్టించుకొని వంగినాము. నేను రెండోసారి నాకేలోగా కొండ వెనకనుంచి, కబురూ లేదు, మట్టివాసనా లేదు, ఎవడో తాగినవాడు తలుపు తన్నినట్టు వచ్చి పడింది వాన. వానతో పాటు వడగండ్లు! ఒక్కొక్కటి ముదురు కొబ్బరికాయంత. తల మీద చెయ్యి పెట్టుకుందామంటే చేతులేమో వెనక్కి కట్టేసుండాయి. ఊరి పెద్దమనుషులందరూ కట్టేసిన చేతులతో గుట్ట మీద అటూ ఇటూ ఎగురుతుంటే, కిందినుంచి చూసిన ఆడవాళ్లు పూనకాలనుకొని టెంకాయలు కొట్టినారట. పాశం మొత్తం బండ మీదనుంచి కొట్టుకుపోయి చెరువులో కలిసి, ఆ వారమంతా కప్పలు బెల్లం గొంతుతో పాడినాయి.

మొదటి రోజు ఊరంతా సంబరం. తరువాత సంబరం తడిసింది. ఆ పక్షమంతా అది తెరిపివ్వలేదు. చేను బురదగుంట, గొర్రు దించితే గొర్రుతో పాటు ఎద్దులూ దిగబడతాయి. ఇంట్లో ఒలిచిన విత్తనం గోనెల్లో చెమర్చడం మొదలుపెట్టింది. అత్త కుంపటి పెట్టి, చీరలు పరిచి, గింజల్ని పిల్లల్ని దొర్లించినట్టు దొర్లించి ఆరబెట్టింది. పైన తడి, కింద తడి, గాలే తడి, ఎక్కడ ఆరుతుంది? ఊరివాళ్లు గొడుగులేసుకొని మామ తిన్నె మీదికి చేరినారు.

"పిలిసింది నువ్వే గదా సిన్నప్పా, పొమ్మనేది గూడా నువ్వే సెయ్యాల," అన్నాడు పక్కింటాయన.

"ఒగ పాశానికే ఇంత వానయితే, నెయ్యి గూడా పోసింటే కొట్టుకోనే పోయిందుము," అని ఇంకొకాయన ఎత్తిపొడిచినాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వానను రమ్మనడానికి పాశముంది, కప్పల పెళ్లి ఉంది, గాడిదల పెళ్లి ఉంది. పొమ్మనడానికి మా వైపు ఒక్క పద్ధతీ లేదు. మెట్టనేలవాళ్లం, వానను పొమ్మనాల్సిన ఖర్మ ఒక రోజు వస్తుందని మా తాతముత్తాతలకు కలలో కూడా తోచలేదు.

అయితే మా మామ ఊరుకునే రకం కాదు. తీపి పెడితే వచ్చింది కాబట్టి చేదు పెడితే పోవాలని, వేపాకూ కాకరకాయా ఉడికించిన కషాయం కుండతో మోసుకొని, వానలోనే ఒంటరిగా గుట్టెక్కి, అదే బండ మీద కుమ్మరించి, నిలబడి ఆకాశానికి చెయ్యెత్తి కడిగేసినాడు.

"సిగ్గుండాదా నీకు? రావాల్సిన పొద్దు కొండమాటున దాక్కుంటివి, ఇప్పుడు పిలిస్తే గడపెక్కి కూసుంటివి. పెట్టింది తినేసి, ఇల్లుగలోళ్ల నోట్లో మట్టి కొడ్తావా? నీ కంటే మా ఊరి తాగుబోతు మేలు, తెల్లారితే వానికి దిగుతాది!"

మరునాడు వాన నిలిచిపోయింది. అలిగినట్టు నిలిచి, మళ్లీ పంటకాలమంతా ఒక్క చినుకు రాల్చలేదు. విత్తినవాళ్లవి ఎండినాయి, విత్తనివాళ్లవి బీళ్లు. గోనెల్లో గింజలు అప్పటికే తెల్లటి ముక్కులు పొడుచుకొచ్చి మొలకెత్తినాయి. నేలలో మొలవాల్సింది గోనెలో మొలిచింది. అత్త ఉడకబెట్టి, తాలింపు పెట్టి, ఇంటింటికీ పంచింది. ఇళ్లల్లో వాళ్లు తిన్నారు. రైతుకు విత్తనం తినడం ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఏడు ఆరుద్ర మళ్లీ ఎండింది. ఊళ్లో ఎవరూ పాశం మాట ఎత్తలేదు. బియ్యం లేక కాదు, బెల్లం లేక కాదు. పిలిస్తే ఎట్లాంటిది వస్తుందోనని భయం. వాన రాకపోతే ఏడ్చిన ఊళ్లు మన చిన్నప్పుడు చాలా చూసినాం. వానను పిలవడానికే జంకే ఊరును చూస్తామని మీరెవరైనా అనుకున్నారా? మొన్న ఒక కుర్రరైతు వచ్చి, విత్తొచ్చునా తాతా అని అడిగితే, మా మామ మట్టి ముట్టుకోకుండానే, "ఫోన్లో సూసుకోప్పా, అదేమంటాదో," అన్నాడు. అదే ఫోను. పళ్లికిలించే సూర్యుడున్న ఫోను. ఆయన నోట ఆ మాట విన్నప్పుడు నాకు కాలం మీద ఇంతకాలమూ ఉన్న అసహ్యమంతా కలిపినా ఆ ఒక్క మాటకు చాలలేదు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. వడగండ్లు కొబ్బరికాయలంత లేవు, రేగ్గాయలంత ఉండాయి. చెప్పులు రెండూ ఒకే వైపు పోయినాయి. మేస్త్రీ సేలం దాకా పోలేదు, ముందే దించేసినారు. ఇవన్నీ పెంచినవే గానీ కల్పించినవి కావు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, చేదు కషాయమూ ఆ తిట్లూ. మా మామ గుట్టెక్కలేదు, వానను ఒక్క మాట అనలేదు. ఎవరో ఒకరు దాన్ని తిట్టాలి గదా అని ఆయన నోట నేను తిట్టించినాను. గోనె విప్పి చూసిన ఆ పొద్దు నేను అక్కడే ఉన్నాను. ఆయన గోనెలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, మొలకలు చూసి, ఒక్క గింజ కూడా కింద పడకుండా మళ్లీ లోపలేసి, "ఉడకబెట్టెయ్," అన్నాడు అత్తతో.